మారిషస్: గనుల్లేవు, చమురు లేదు, నేల నిండా రాళ్లు. మరి ఎలా నిలదొక్కుకుంది?

ఉత్తరాంధ్ర_వాసు | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మారిషస్ పేరు మన దగ్గర రెండే సందర్భాల్లో వినబడుతుంది. ఒకటి హనీమూన్ ప్యాకేజీ, రెండోది పన్నుల వార్త. అంతకు మించి ఆ దేశం గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల సంతతి అక్కడ ఉన్నారని తెలిసినా సరే.

రొడ్రిగ్స్ లాంటి చిన్న దీవులన్నీ కలుపుకున్నా ఆ దేశం విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జనాభా పన్నెండున్నర లక్షల పైచిలుకు. 2020 జులైలో ప్రపంచ బ్యాంకు దాన్ని అధికాదాయ దేశాల జాబితాలోకి ఎక్కించింది. కరోనా దెబ్బకి మరుసటి ఏడాది ఒక మెట్టు దిగింది. అయినా చమురు లేదు, బొగ్గు లేదు, ఇనుము లేదు. ఇది ఎలా సాధ్యమైంది? అక్కడి నేల ఎలాంటిది, జనం ఎవరెవరు, దేని మీద బతుకుతున్నారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. పర్యాటక ప్రకటనల్లో ఉండే సమాచారం మాత్రం వద్దు.

నల్లరేగడి | శుక్రవారం రాత్రి 10:05

వాసు గారూ, నేల సంగతి నేను చెప్తాను. మాది ఆదిలాబాద్. మా ఊళ్లో పత్తి పండే నల్లరేగడికీ ఆ దీవికీ పుట్టుక ఒకటే.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద దక్కన్‌లో లావా పొరలు పొరలుగా పారింది. మహారాష్ట్రలో చాలాభాగం పరుచుకుని, మన ఆదిలాబాద్, నారాయణఖేడ్, జహీరాబాద్, వికారాబాద్ దాకా వచ్చింది. ఆ లావాకి కారణమైన వేడిచోటు భూమి లోతుల్లో ఉంది. అది దాదాపు ఉన్నచోటే ఉంది, పైన భూఫలకం మాత్రం ఉత్తరానికి జరుగుతూ పోయింది. దీపం మీదుగా అట్టముక్కని మెల్లగా లాగితే వరసగా మసి మచ్చలు పడతాయి కదా, అలాగన్నమాట. దక్కన్ తర్వాత లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్‌ల అడుగున ఉన్న లావా గుట్టలు, ఆ తర్వాత సుమారు 80, 90 లక్షల ఏళ్ల కింద సముద్రం మీదికి తేలిన మారిషస్, చివరికి రియూనియన్. ఆ వేడిచోటు ఇప్పుడు రియూనియన్ కింద ఉంది. అందుకే అక్కడి పితోన్ ద లా ఫూర్నేజ్ అగ్నిపర్వతం తరచూ బద్దలవుతుంది. 2007 ఏప్రిల్‌లో అయితే దాని బిలం అడుగు మూడు వందల మీటర్లు కుంగిపోయింది.

మారిషస్‌లో మాత్రం మంటలు ఆరిపోయి వేల ఏళ్లు అయింది. క్యూర్‌పిప్ పట్నం మధ్యలో త్రూ ఓ సెర్ఫ్ అనే బిలం ఉంది. దాని చుట్టూ ఇళ్లు, రోడ్లు, పొద్దున్నే నడకకి వచ్చే జనం. అడుగున కాస్త నీళ్లు, చెట్లు.

మన రాజమండ్రి దగ్గర కూడా ఇదే రాయి ఉంది. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టేది ఈ నల్లరాయినే. పడమటి కనుమల వైపు నుంచి నదీలోయల వెంబడి వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిన లావా అది అని కొందరు భూవిజ్ఞాన శాస్త్రవేత్తల వాదన.

గౌతమీతీరం | శుక్రవారం రాత్రి 10:31

> పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టేది ఈ నల్లరాయినే

మా తాతగారి ఊరు అదే. ఆ గుట్టలు రోజూ చూసినా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నల్లరేగడి గారూ, మరి మారిషస్ కింద పాత ఖండం ముక్క దొరికిందని ఎక్కడో చదివాను. అది నిజమేనా?

నల్లరేగడి | శుక్రవారం రాత్రి 10:48

నిజమే. 2017లో ప్రచురించారు. దీవి మీది లావా రాయి వయసు కొన్ని లక్షల నుంచి 90 లక్షల ఏళ్ల లోపే. కానీ అక్కడి ఒక రాతిలో చిక్కుకున్న జిర్కాన్ అనే ఖనిజపు రవ్వల వయసు 250 నుంచి 300 కోట్ల ఏళ్ల దాకా తేలింది. లావా పైకొస్తూ కింద మునిగి ఉన్న పాత ఖండపు శిలని చీల్చుకుని ఆ రవ్వల్ని మోసుకొచ్చిందని నిర్ధారించారు. మడగాస్కర్, ఇండియా విడిపోయినప్పుడు మధ్యలో చిక్కిన ముక్క అది. దానికి మారిషియా అని పేరు పెట్టారు.

పద్మ_మోకా | శనివారం ఉదయం 6:20

నమస్కారం. నేను మారిషస్‌లో పుట్టినదాన్ని. మా పూర్వీకులు విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చారు. తెలుగు బడిలో నేర్చుకున్నాను, ఇప్పుడు పిల్లలకి చెబుతున్నాను.

నల్లరేగడి గారు రాయి గురించి చాలా బాగా చెప్పారు. ఆ రాయి మా బతుకులో ఎక్కడెక్కడ ఉందో నేను చెబుతాను.

దీవి మధ్యలో ఎత్తైన మైదానం, చుట్టూ విరిగిన పాత అగ్నిపర్వతం అంచులు కొండలుగా మిగిలాయి. అన్నిటికంటే ఎత్తు నల్ల నది శిఖరం, 828 మీటర్లు. పీటర్ బోత్ కొండ మీద మనిషి తలలా ఒక బండ నిలబడి ఉంటుంది. ఆగ్నేయం నుంచి గాలి ఏడాదంతా వీస్తుంది. అది మబ్బుల్ని తెచ్చి మైదానం మీద కురిపిస్తుంది. క్యూర్‌పిప్ వైపు ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల వాన పడే చోట్లున్నాయి. కొండ దిగి పడమటి ఒడ్డుకి వెళ్తే 1,000 కూడా పడదు. గంట ప్రయాణంలో గొడుగు మూసి టోపీ పెట్టుకోవాలి. ఇంత వాన పడినా ఎండాకాలం చివర్లో మా ఇళ్లకి నీళ్లు కోత పెడతారు. ఎందుకంటే పగుళ్ల రాయి, నీరు కిందకి జారిపోతుంది. తాగేనీటిలో సగం దాకా బోర్ల నుంచే వస్తుంది.

పట్నాలు ఎక్కువ మైదానం మీదే ఎందుకున్నాయో కూడా చెప్పాలి. 1867లో రాజధాని పోర్ట్ లూయీలో మలేరియా వచ్చి వేలమంది చనిపోయారు. డబ్బున్నవాళ్లు చల్లటి క్యూర్‌పిప్‌కి ఎక్కేశారు. రైలు అప్పటికే 1864 నుంచి ఉంది కాబట్టి రోజూ దిగి పని చేసుకుని మళ్లీ ఎక్కేవాళ్లు. పేదవాళ్లు కిందే ఉండిపోయారు. రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, వకోవా, ఫీనిక్స్ అలా ఒకదానికొకటి అంటుకుని పెరిగాయి. 1964 నాటికి రైలు పూర్తిగా ఆపేశారు. మళ్లీ 2020 జనవరిలో మెట్రో మొదలైంది, చాలావరకు పాత పట్టాల దారిలోనే.

పొలాల్లో రాళ్ల గుట్టలు చూస్తే మీకు గుళ్లు కూలిపోయాయేమో అనిపిస్తుంది. కాదు. చెరకు వేయడానికి మనుషులు ఒక్కో రాయి ఏరి పోసిన గుట్టలవి.

చక్కెరమిల్లు | శనివారం ఉదయం 8:02

పద్మగారూ, ఆ గుట్టల ఫొటోలు నేను చూశాను. ముప్పై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీల్లో చేసినవాణ్ణి కాబట్టి చెరకు సంగతి నేను అందుకుంటాను.

ఆ దీవికి చెరకే ఎందుకు కుదిరిందంటే తుపాను వల్ల. కాఫీ, పత్తి, నీలిమందు అన్నీ వేసి చూశారు. ఒక్క గాలివానకి తోటలు పోయేవి. చెరకు పడిపోయినా మళ్లీ లేస్తుంది, కార్శి తోట, అంటే నరికిన మోడు నుంచి వచ్చే పంట, పిలకలేస్తుంది. పైగా ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కార్శి మీదే నడుపుతారు, మనలా రెండు మూడు కోతలకే దున్నేయరు. రాళ్ల మధ్య మళ్లీ మళ్లీ దున్నడం కష్టం కదా. 1810లో ఫ్రెంచివాళ్ల నుంచి బ్రిటిష్‌వాళ్లు దీవిని గెలుచుకున్నాక, 1825లో ఇంగ్లండుకి వెళ్లే మారిషస్ చక్కెర మీద సుంకం వెస్టిండీస్‌తో సమానం చేశారు. అంతే, దీవి మొత్తం చెరకైపోయింది. 19వ శతాబ్దం మధ్యలో 250కి పైగా మిల్లులు ఉండేవి. ఇప్పుడు మూడే ఉన్నాయి.

మూడే అని తేలిగ్గా అనుకోవద్దు. ఆ మూడూ పిప్పితో కరెంటు తీస్తాయి. క్రషింగ్ సీజన్‌లో పిప్పి, మిగతా నెలల్లో బొగ్గు. మొలాసిస్ నుంచి స్పిరిట్. ముడి చక్కెర అమ్మడం మానేసి, ఎక్కువ ధర పలికే గోధుమరంగు ప్రత్యేక చక్కెరలు చేస్తున్నారు. 1953లోనే సొంత చెరకు పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. మన వైపు సహకార మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతుంటే చూసినవాడిగా చెబుతున్నా, వాళ్లు కనీసం మిల్లుల్ని కలుపుకోవడం ముందుగా ఆలోచించారు.

ఇక డబ్బు ఎక్కడిదంటే, 1975 లోమే ఒప్పందం. అందులో చక్కెర ఒడంబడిక ప్రకారం ఐరోపా ఏటా సుమారు 5 లక్షల టన్నులు మారిషస్ దగ్గర ఖాయం ధరకి కొనేది. ప్రపంచ మార్కెట్ ధర కంటే అది చాలా ఎక్కువ. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాల్లో అందరికంటే పెద్ద కోటా వీళ్లదే. ఆ లాభమే తర్వాత ఫ్యాక్టరీలు, హోటళ్లు అయింది. 2006 నుంచి ఐరోపా మెట్లు మెట్లుగా ధర 36 శాతం కోసేసింది, 2009తో ఒడంబడికే పోయింది. మంచి ఏడాదిలో 6 లక్షల టన్నులు దాటే ఉత్పత్తి ఇప్పుడు 3 లక్షలు కూడా అందుకోవడం లేదు.

తెలుగుబిడ్డ99 | శనివారం ఉదయం 9:15

అంటే మొత్తానికి ఆ దేశాన్ని కట్టింది మనవాళ్లే. రాళ్లు ఏరింది మనవాళ్లు, చెరకు నరికింది మనవాళ్లు. గర్వంగా ఉంది!

తూర్పుకనుమ | శనివారం ఉదయం 9:58

తమ్ముడూ, ఆ గర్వాన్ని తప్పు పట్టను. కానీ చరిత్ర 1834లో మొదలవలేదు.

మనుషులే లేని దీవి అది. 1598లో డచ్చివాళ్లు దిగి తమ యువరాజు మారిట్స్ పేరు పెట్టారు. డోడో పక్షి వాళ్ల కాలంలోనే అంతరించింది, 1710లో దీవి వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు. 1735లో వచ్చిన గవర్నర్ లబూర్దొనే పోర్ట్ లూయీ రేవు కట్టించాడు. కట్టింది ఎవరు? మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి పట్టి తెచ్చిన బానిసలు. మొదటి అడవులు నరికింది, మొదటి రాళ్లు మోసింది, రోడ్లు వేసింది వాళ్లు. పారిపోయినవాళ్లు ల్ మోర్న్ కొండ మీద దాక్కునేవారు. ఆ కొండని 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం బానిసల యజమానులకి ఇచ్చారు. విడుదలైనవాళ్లకి సెంటు భూమి ఇవ్వలేదు.

బానిసత్వం పోతుందని తెలిసి ఆ యజమానులు అంతకు ముందు నుంచే ఇండియా నుంచి ఒప్పంద కూలీల్ని తెప్పించుకోవడం మొదలుపెట్టారు. 1834 నవంబర్ 2న అట్లాస్ ఓడ మీద 36 మంది దిగారు. 1920 దాకా మొత్తం నాలుగున్నర లక్షల పైనే. ఐదేళ్ల ఒప్పందం, మగవాళ్లకి నెలకి ఐదు రూపాయలు, తిండి గింజలు. ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోసేవారు. 1867 చట్టంతో ఒప్పందం ముగిసిన పాత కూలీ రోడ్డు మీద కనబడినా ఫొటో ఉన్న కాగితం చూపించాలి, లేకపోతే జైలు. దీని మీద 1871లో డి ప్లెవిట్జ్ అనే తోట నడిపే వ్యక్తి వేలమంది కూలీల సంతకాలతో పిటిషన్ పెట్టాడు. మరుసటి ఏడాది రాయల్ కమిషన్ వచ్చింది.

కాబట్టి రెండు జనాల చెమట ఉంది. ఒకరిని పక్కన పెట్టి ఇంకొకరి గురించి చెప్పడం న్యాయం కాదు.

పద్మ_మోకా | శనివారం మధ్యాహ్నం 12:40

తూర్పుకనుమ గారికి ధన్యవాదాలు. మేము ఇక్కడ ఫిబ్రవరి 1, నవంబర్ 2 రెండూ సెలవు రోజులుగా జరుపుకుంటాం. రెండూ కలిపి గుర్తుంచుకోవాలని.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఒప్పందం అయిపోయాక మా పెద్దలకి భూమి ఎలా వచ్చిందో. 1870ల తర్వాత చక్కెర ధర పడిపోయి, తోటల యజమానులు అప్పుల్లో పడ్డారు. బాగాలేని భూములు, రాళ్లు ఎక్కువ ఉన్న అంచు భూములు ముక్కలు చేసి కూలీలకి అమ్మారు. దాన్ని గ్రాన్ మొర్సెల్మాన్ అంటారు. బంగారు నగలు అమ్మి, వాయిదాలు కట్టి ఎకరం, రెండెకరాలు కొన్నారు. మంచి భూమి యజమానుల దగ్గరే ఉండిపోయింది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

బానిసల సంతతి అయిన క్రియోల్ వాళ్లకి ఆ అవకాశం కూడా రాలేదు. తోటల నుంచి వెళ్లిపోయి ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్లు, రేవులో మోతపని, రాతిపని, వడ్రంగం. 1999 ఫిబ్రవరిలో కాయా అనే సెగే (రెగే కలిసిన అక్కడి సంగీతం) గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు దేశమంతా అల్లర్లు జరిగాయి. ఆ కోపం ఒక్కరోజులో పుట్టింది కాదు.

ఉత్తరాంధ్ర_వాసు | శనివారం మధ్యాహ్నం 1:05

పద్మగారూ, ఈ వివరం నాకు ఎక్కడా దొరకలేదు. మరి అక్కడ జనాన్ని ప్రభుత్వం ఎలా లెక్కపెడుతుంది? కులం, మతం, భాష?

తూర్పుకనుమ | శనివారం మధ్యాహ్నం 2:22

రాజ్యాంగంలో నాలుగు వర్గాలు ఉన్నాయి: హిందువులు, ముస్లింలు, చైనీయులు, ఇవేవీ కాని 'సాధారణ జనం'. క్రియోల్ కూలీ, కోటీశ్వరుడైన ఫ్రెంచి తోటల యజమాని ఇద్దరూ ఆ నాలుగో గంపలోనే. మతం ప్రకారం 2011 జనాభా లెక్కల్లో హిందువులు 48 శాతం పైన, క్రైస్తవులు మూడో వంతు, ముస్లింలు 17 శాతం. వర్గం అడగడం 1972 తర్వాత మానేశారు.

అయినా ఎన్నికల్లో 1972 లెక్కే వాడుతున్నారు. పార్లమెంటుకి 62 మందిని జనం ఎన్నుకుంటారు. ఏ వర్గానికైనా ప్రాతినిధ్యం తక్కువ పడితే ఓడిపోయినవాళ్లలో నుంచి ఎనిమిది మంది దాకా తీసుకుంటారు. 1968 స్వాతంత్ర్యానికి ముందు మతకలహాలు జరిగాయి, 1967 ఎన్నికల్లో 44 శాతం మంది స్వాతంత్ర్యం వద్దన్న పార్టీకి ఓటేశారు. ఆ భయంలో పుట్టిన ఏర్పాటు ఇది. అప్పటికి అవసరమే అనుకుంటాను. యాభై ఏళ్ల నాటి లెక్కతో ఇంకా నడపడం మాత్రం నాకు నచ్చదు. ఈనాటి యువతరం ఫలానా వర్గం అని రాసుకోవడానికే ఇష్టపడటం లేదు.

చైనీయులు తక్కువమందే. కానీ ప్రతి ఊళ్లో వాళ్ల కిరాణా కొట్టు ఉండేది. కోతలు లేని నెలల్లో చెరకు కూలీకి ఖాతా పుస్తకం మీద బియ్యం, పప్పు అరువు ఇచ్చింది ఆ కొట్లే. ముస్లింలలో కూలీల సంతతి, సూరత్, కచ్ వైపు నుంచి వచ్చిన వర్తకులు ఇద్దరూ ఉన్నారు.

లెక్కల_శేషు | శనివారం సాయంత్రం 5:47

ఆర్థికం వైపు నేను కొంత కలుపుతాను. వాసు గారు అడిగిన 'ఎలా' అన్న ప్రశ్నకి నా దృష్టిలో అసలు జవాబు 1970లో ఉంది.

1960 ఫిబ్రవరిలో కరోల్ అనే తుపాను దీవిని నేలమట్టం చేసింది. ఆ మరుసటి ఏడాది ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ బృందం నివేదిక ఇచ్చింది: ఒకే పంట, పెరిగిపోతున్న జనం, పని లేదు, భవిష్యత్తు కష్టమని. ఆయనకి తర్వాత 1977లో నోబెల్ వచ్చింది. అప్పటి లెక్కల ప్రకారం ఆయన భయం సహేతుకమే. కానీ నివేదికలోనే పరిశ్రమలు పెట్టమనీ, కుటుంబ నియంత్రణ తేవాలనీ కూడా ఉంది. ప్రభుత్వం 1970లో ఎగుమతి పరిశ్రమల చట్టం తెచ్చింది. ఊరి పక్కనే ఎక్కడైనా ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చు, ముడిసరుకుకి సుంకం లేదు. హాంగ్‌కాంగ్ వ్యాపారులు స్వెటర్ల మిల్లులు పెట్టారు, చక్కెర యజమానులు లాభాలు అందులో పెట్టారు. ఆడవాళ్లు మొదటిసారి జీతం పనికి వెళ్లారు. 1980ల చివరికి ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు చెరకు పనిని దాటేశాయి. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితం. ఇది కూడా మర్చిపోకూడదు.

2005లో వస్త్ర దిగుమతుల మీద ధనిక దేశాలు పెట్టిన కోటాలు ఎత్తేశాక చైనాతో పోటీ తట్టుకోలేక చాలా మూతపడ్డాయి. మిగిలినవాటిలో ఇప్పుడు బంగ్లాదేశ్, ఇండియా, మడగాస్కర్ నుంచి వచ్చిన కార్మికులే ఎక్కువ కనిపిస్తారు.

ఇక మన పన్ను ఒప్పందం. 1982లో కుదిరింది. మారిషస్ కంపెనీ ఇండియాలో షేర్లు అమ్మి లాభపడితే పన్ను మారిషస్‌లోనే. అక్కడ ఆ లాభం మీద పన్నే లేదు. 1991 తర్వాత ఇండియాకి వచ్చే విదేశీ పెట్టుబడిలో ఏళ్ల తరబడి మొదటి స్థానం ఆ చిన్న దీవిదే. 2016 మేలో ఒప్పందం సవరించారు, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్లకి పన్ను ఇండియాలో పడుతుంది. మన ఖజానాకి జరిగిన నష్టం చిన్నది కాదు. ఆ సవరణ ఇంకా ముందే రావాల్సింది. అయితే పోర్ట్ లూయీ, ఎబెన్‌లలో అకౌంటెంట్లు, లాయర్లు, బ్యాంకు ఉద్యోగులు వేలమంది బతుకు ఆ రంగం మీద ఉందన్నది కూడా నిజం.

చక్కెరమిల్లు | శనివారం రాత్రి 8:30

శేషుగారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ పద్మగారు రాసిన భూమి ముక్కల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. నా మనసు అక్కడే ఆగింది.

ఐరోపా ధర కోసినప్పుడు దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. పెద్ద ఎస్టేట్లు బుల్డోజర్లతో రాళ్లు తీయించి, యంత్రాలతో కోతలు పెట్టుకున్నాయి. 2002లో వచ్చిన రిసార్ట్ పథకం కింద చెరకు భూమిని విల్లాలు, గోల్ఫ్ మైదానాలుగా మార్చి విదేశీయులకి అమ్ముకున్నాయి. ఎకరం, రెండెకరాల చిన్న రైతు ఏం చేస్తాడు? రాళ్లు తీయించే ఖర్చు లేదు, యంత్రం దిగదు, నరకడానికి మనిషి దొరకడు. బీడు పెట్టేశాడు. ఈ ఇరవై ఏళ్లలో చిన్న చెరకు రైతుల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఏ రాళ్ల అంచు భూమిని నగలమ్మి కొన్నారో అదే భూమి ఇవాళ తుప్పలు మొలిచి ఉంది. దేశం సంపన్నమైంది అనేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన రాసుకోవాలి.

పద్మ_మోకా | ఆదివారం ఉదయం 7:10

మా మేనమామ భూమి అలాగే ఉంది, బాబుగారూ. పిల్లలు ఒకరు కెనడాలో, ఒకరు బ్యాంకులో. కోతకి మనుషులు లేరు. అమ్మితే కొనేది ఇళ్ల స్థలాల వాళ్లే. ఒకప్పుడు జనం ఎక్కువైపోతారని భయపడ్డ దేశంలో ఇప్పుడు పిల్లలు తక్కువైపోయారు, బడులలో తరగతులు కలిపేస్తున్నారు.

సముద్రపు ఒడ్డు గురించి కూడా చెప్పాలి. అలలు తాకే గీత నుంచి 81 మీటర్ల దాకా భూమి ఫ్రెంచి కాలం నుంచి ప్రభుత్వానిదే. దాన్ని హోటళ్లకి లీజుకి ఇస్తారు. ఇసుక మీద నడిచే హక్కు అందరికీ ఉంది, కానీ అక్కడికి వెళ్లే దారి హోటళ్ల మధ్య ఇరుకు సందు అయిపోయింది. ఆదివారం కుటుంబాలు బిర్యానీ గిన్నెలు, పాటల డప్పులతో బీచికి వెళ్లడం మా అందరి అలవాటు, ఏ మతమైనా. మాకు మిగిలిన పబ్లిక్ బీచ్‌లు తగ్గుతుంటే గట్టిగా అడుగుతున్నాం.

కాకినాడ_సరంగు | ఆదివారం ఉదయం 10:25

ఒడ్డు మాట వచ్చింది కాబట్టి సముద్రం సంగతి రాస్తాను. నేను సరుకు ఓడల్లో పనిచేస్తాను.

దీవి చుట్టూ దాదాపు పగడపు దిబ్బ ఉంది. లోపల నీలిమడుగు, బయట ఒక్కసారిగా లోతు. దక్షిణాన గ్రి గ్రి దగ్గర దిబ్బ తెగిపోయి అలలు నేరుగా నల్లరాతి గోడల్ని కొడతాయి. దీవి దిబ్బకి దగ్గరగా పోవడమంటే ఏ ఓడకైనా ప్రమాదమే. 2020 జులై 25న వకాషియో అనే జపాన్ ఓడ ఆగ్నేయాన పాయింట్ దెస్నీ దగ్గర దిబ్బ ఎక్కింది. పది రోజులు దాటాక ట్యాంకు పగిలి సుమారు వెయ్యి టన్నుల నూనె మడుగులోకి కారింది. పక్కనే బ్లూ బే సంరక్షిత ప్రాంతం, మడ అడవులు. మాయబూర్ జనం ప్రభుత్వం కోసం ఆగలేదు. గోనెసంచుల్లో, బట్టలో చెరకు ఆకు కూరి, పొడవాటి అడ్డుకట్టలు కుట్టి నీళ్లలో వేశారు. జుట్టు కత్తిరించి ఇచ్చినవాళ్లున్నారు. ఆ దృశ్యాలు ఓడలో కూర్చుని చూశాం, మా అందరికీ గుండె బరువెక్కింది. మా వృత్తి వల్ల జరిగిన నష్టం అది.

ఇంకోటి. నేల 2,040 చదరపు కిలోమీటర్లే అయినా మారిషస్‌కి హక్కున్న సముద్రం సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. ట్యూనా చేపని పోర్ట్ లూయీలో డబ్బాలకెత్తి ఐరోపాకి పంపుతారు. ఆ సముద్రం కోసమే పెద్ద దేశాలన్నీ అక్కడ చూస్తున్నాయి. ఉత్తరాన మారిషస్‌కే చెందిన అగలేగా దీవిలో ఇండియా కట్టిన రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరి 29న ప్రారంభించారు. చాగోస్ కథ ఇంకా బాధాకరం. ఆ దీవుల్లో పెద్దదైన డియేగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం బ్రిటన్ 1968 నుంచి 1973 మధ్య అక్కడి జనం మొత్తాన్నీ ఖాళీ చేయించింది. పోర్ట్ లూయీ మురికివాడల్లో దింపేశారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం చాగోస్‌ని మారిషస్ నుంచి వేరుచేయడం చట్టబద్ధం కాదని చెప్పింది. 2025 మేలో సార్వభౌమాధికారం మారిషస్‌కి అప్పగించే ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. ఖాళీ చేయించినవాళ్ల మాట ఆ బల్ల దగ్గర సరిగ్గా వినలేదన్నది చాగోస్ జనంలో చాలామంది ఫిర్యాదు.

తెలుగుబిడ్డ99 | ఆదివారం మధ్యాహ్నం 12:02

తూర్పుకనుమ అన్నా, మీరు చెప్పింది అర్థమైంది. పద్మ అక్కా, ఒక్కటి అడగాలని ఉంది. మీ ఇళ్లలో తెలుగు ఇంకా మాట్లాడతారా?

పద్మ_మోకా | ఆదివారం మధ్యాహ్నం 3:35

తమ్ముడూ, ఇంట్లో క్రియోల్ మాట్లాడతాం. దేశంలో అందరి ఇంటి భాష దాదాపు అదే. పేపరు ఫ్రెంచి, ఆఫీసు కాగితం ఇంగ్లీషు. క్రియోల్‌ని 2012 నుంచి బడిలో కూడా నేర్పుతున్నారు, అది మంచి పని అని నేను అనుకుంటాను. తెలుగు ప్రాథమిక బడుల్లో ఐచ్ఛిక భాష. మోకాలో మహాత్మా గాంధీ సంస్థలో పెద్ద చదువు దాకా ఉంది. ఆంధ్ర మహాసభ 1947 నుంచి ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మా దగ్గరే జరిగాయి. ఉగాది జాతీయ సెలవు. మా క్లాసులో తెలుగు నేర్చుకునే పిల్లలు తగ్గుతున్నారు, నాకు దాని గురించి నిజంగా బెంగ ఉంది.

కానీ భాష జారినా కొన్ని జారలేదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, మధ్యలో దీపం పెట్టి చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ చేసే రామభజన. అవి ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి ఓడలో వచ్చినవే. భజన పాటల్లో మాటలకి అర్థం తెలియని పెద్దవాళ్లు కూడా ఒక్క అక్షరం తప్పకుండా పాడతారు. వాళ్ల కోసమే నేను తెలుగు చదివాను. శివరాత్రికి మాత్రం తెలుగు, తమిళ, భోజ్‌పురి, మరాఠీ తేడా లేకుండా జనమంతా కాలినడకన గ్రాన్ బాసాన్ సరస్సుకి వెళ్తారు. అది కూడా అగ్నిపర్వతం బిలమే, నల్లరేగడి గారూ. దానికి గంగా తలావ్ అని పేరు.

కళింగసీమ | ఆదివారం రాత్రి 8:50

ఇన్నాళ్లూ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. పద్మగారూ, మాది శ్రీకాకుళం జిల్లా. మా ముత్తాత తమ్ముడు కోరంగి రేవు నుంచి 'మిరిచి దేశం' వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన వివరం దొరికే మార్గం ఉందా?

పద్మ_మోకా | ఆదివారం రాత్రి 10:15

ఉంది అండి. మహాత్మా గాంధీ సంస్థలో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. దాని ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఓడ పేరు, ఏ తోటకి పంపారో రాసి ఉంటుంది. 1860ల తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి ఫొటో కూడా ఉంది.

ఇబ్బంది పేర్ల దగ్గర వస్తుంది. గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్నారు. ఒకే ఇంటిపేరు నాలుగు రకాలుగా ఉంటుంది, అసలు మనవాళ్లలో చాలామంది ఇంటిపేరే చెప్పలేదు. మొదటి పేరే తర్వాత తరాలకి ఇంటిపేరైపోయింది. ఇక్కడ అప్పడు, అప్పన్న, సన్నాసి అనే ఇంటిపేర్లు అలా వచ్చినవే. కాబట్టి పేరు ఒక్కటే పట్టుకుని వెతకొద్దు. ఆయన తండ్రి పేరు, ఊరు, పక్కన ఉన్న పెద్ద ఊరు, వెళ్లినప్పుడు సుమారు ఎంత వయసు, ఇంట్లో అప్పటికి ఏం జరిగింది, కరువా, తుపానా, ఎవరి పెళ్లి ఆ ఏడాది అయింది, ఇవన్నీ మీ పెద్దవాళ్లని అడిగి రాసి పెట్టుకోండి. దాన్నిబట్టి సంవత్సరం దగ్గరికి రావచ్చు. కోరంగి నుంచే అంటున్నారు కాబట్టి మద్రాసులో ఎక్కినవాళ్ల జాబితాలు పక్కన పెట్టి, కోరంగి ఓడలతో మొదలుపెట్టొచ్చు.

రాసుకున్నాక నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. బడి సెలవుల్లో నేను వెళ్లి అడుగుతాను.